స్కేల్ మోడల్ కార్లు కట్టడం, రంగు వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్టెలో విడి ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ కార్ కిట్లను కత్తిరించి, అతికించి, రంగు వేసుకునేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు. సిద్ధంగా అమ్మే డై-కాస్ట్ (లోహం అచ్చు పోసిన) కార్ల ఊసు ఇందులో లేదు. జవాబుల్లో సగానికి పైగా బాడీ రంగు గురించే ఉంటాయి. యుద్ధ ట్యాంకు మోడల్ మీద తప్పు జరిగితే బురద పూసి కప్పేయవచ్చు. షోరూం కారుకు ఆ వెసులుబాటు లేదు, ఒక్క దుమ్ము రేణువు పడినా బానెట్ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

1/24, 1/25, 1/43 అంటే ఏమిటి? వేటితో మొదలుపెట్టాలి?

1/24 అంటే అసలు కారు పొడవులో ఇరవై నాలుగో వంతు. దాదాపు 4.3 మీటర్లుండే కారు 18 సెంటీమీటర్లకు వస్తుంది. టామియా, హసెగావా, అయోషిమా, ఫుజిమి వంటి జపాన్ కంపెనీల కార్లు ఎక్కువగా ఈ కొలతలోనే దొరుకుతాయి. ఏఎంటీ వంటి అమెరికా కంపెనీలది 1/25. ఫార్ములా వన్ కార్లకు 1/20 వాడుక ఎక్కువ. 1/43 అరచేతిలో ఇమిడిపోతుంది గానీ ముక్కలు మరీ చిన్నవి, కొత్తవాళ్లకు కష్టం. 1/12లో బాడీ మీద రంగు వేయాల్సిన విస్తీర్ణం 1/24 కంటే నాలుగు రెట్లు, ఖర్చు కూడా అలాగే పెరుగుతుంది. మొదలుపెట్టడానికి 1/24 సరైనది.

మొదటి కిట్‌గా ఏది కొనాలి?

ఇంజన్ లేని కిట్ తీసుకోండి. బానెట్ బాడీతో కలిసే ఉంటుంది కాబట్టి అది సరిగా మూసుకోవడం లేదనే తలనొప్పి ఉండదు. టామియా 1/24 మాజ్దా ఎంఎక్స్-5, టయోటా 86 వంటివి ముక్కలు చక్కగా కూర్చునే కిట్లు. పాత అచ్చులతో మళ్లీ పోసిన కిట్లు చవకగా వస్తాయి. వాటిలో అంచులకు అదనపు ప్లాస్టిక్ పొర, వంకర ఛాసిస్ (కారు అడుగు చట్రం) ఉండే అవకాశం ఎక్కువ. అవి మూడో కిట్టుకో నాలుగో కిట్టుకో మంచివి.

రంగు జోలికి పోకుండా చెయ్యి తిప్పుకోవాలంటే అయోషిమా 1/32 స్నాప్ కిట్లున్నాయి. ముక్కలు ముందే రంగు ప్లాస్టిక్‌లో వస్తాయి, జిగురు అక్కర్లేదు. మన రోడ్ల మీద కనిపించే పేర్లలో సుజుకీ జిమ్నీ ఈ వరసలో ఉంది. అయితే అది జపాన్‌లో తిరిగే మూడు తలుపుల చిన్న జిమ్నీ, 2023లో మన దగ్గర విడుదలైన ఐదు తలుపుల బండి కాదు.

ఏయే పనిముట్లు తప్పనిసరి?

ముక్కలు తుంచడానికి సన్న మొన నిప్పర్ ఒకటి, 11వ నంబరు బ్లేడు పట్టే హాబీ కత్తి, ట్వీజర్ (మొన వంగినదైతే మేలు), 400 నుంచి 3000 వరకు వాటర్ పేపర్లు (తడిపి వాడే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ నునుపు), 6, 10 మిల్లీమీటర్ల మాస్కింగ్ టేపు, వెంట్రుకలు రాలని రెండు బ్రష్‌లు. డబ్బు పెట్టాల్సింది నిప్పర్ మీద. కరెంటు పనివాళ్లు వాడే మొద్దు కటింగ్ ప్లయర్‌తో తుంచితే ప్లాస్టిక్ తెల్లబడి లోపలికి గుంట పడుతుంది, ఆ గుంట రంగు వేశాక కూడా కనబడుతుంది.

ముక్కను స్ప్రూ (ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి ఒకే దెబ్బకు కోయకండి. మొదట 2 మిల్లీమీటర్ల మొలక వదిలి కోసి, తర్వాత ఆ మొలకను నిప్పర్‌తో దగ్గరగా తీసి, మిగిలింది 600 పేపర్‌తో అరగదీయండి. బ్లేడు ధారాళంగా మార్చండి. మొద్దు బ్లేడుకు బలం ఎక్కువ పెట్టాలి, వేళ్లు తెగేది అప్పుడే.

ముక్కలు కడగాలా?

కడగాలి. అచ్చు నుంచి ప్లాస్టిక్ ఊడిరావడానికి ఫ్యాక్టరీలో వాడే జిడ్డు మిగిలి ఉండవచ్చు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తని పాత టూత్ బ్రష్ చాలు. గుడ్డతో తుడవకండి, నూలు పోగులు అంటుకుంటాయి. గాలికి ఆరనివ్వండి. రంగు వేసేముందు అరగదీసిన బాడీని ఇదే పద్ధతిలో రెండోసారి కడగాలి. ఆ తర్వాత చేతులకు గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. తలకు రాసుకున్న కొబ్బరినూనె వేలికి కొంచెం ఉన్నా ఆ చోట రంగు పట్టదు.

ఏ ముక్కకు ఏ జిగురు?

పాలీస్టైరీన్ (కిట్లలో ఉండే మామూలు ప్లాస్టిక్) ముక్కలకు పల్చని సిమెంట్, అంటే ఆకుపచ్చ మూతతో వచ్చే టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది. ఇది అతికించదు, ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. అందుకే రెండు ముక్కలనూ ముందు పట్టుకుని, అవి కలిసే చోట బ్రష్ తాకిస్తే చాలు, సందులోకి తనే పాకుతుంది. వేలు సందు మీద ఉంటే జిగురు వేలి కిందికి కూడా పాకి, వేలిముద్ర బాడీ మీద శాశ్వతంగా మిగులుతుంది. రంగు లేదా క్రోమ్ పూత ఉన్న చోట ఈ సిమెంట్ పనిచేయదు. అతికే చోట పూతను గీకేయాలి.

లోహపు ముక్కలకు, రెజిన్‌కు ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ జిగురు. అద్దాల దగ్గరికి మాత్రం దాన్ని తేకండి, దాని ఆవిరికి పారదర్శక ప్లాస్టిక్ మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. అద్దాలకు, హెడ్‌లైట్ గాజులకు ఆరాక పారదర్శకంగా మారే తెల్ల జిగురు వాడండి. ఎక్కువైతే తడి ఇయర్‌బడ్‌తో తుడిచేయవచ్చు.

బాడీని రంగుకు సిద్ధం చేయడమంటే ఏం చేయాలి?

అచ్చు రెండు భాగాలు కలిసిన చోట బాడీ మీద సన్నని గీత ఉంటుంది. సాధారణంగా మడ్‌గార్డుల మీదుగా, పైకప్పు స్తంభాల వెంట, బంపర్ మూలల్లో. వెలుతురుకు అడ్డంగా తిప్పి చూస్తే దొరుకుతుంది. 600తో తీసి 1000తో నునుపు చేయండి. లోపలికి పీల్చుకున్న గుంటలుంటే పుట్టీ పెట్టాలి. ఒకేసారి మందంగా పెడితే అందులోని ద్రావకం కింది ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, వారం తర్వాత కుంగుతుంది. అర మిల్లీమీటరుకు మించని పొరలుగా పెట్టి, ఒక్కో పొరను రాత్రంతా ఆరనివ్వండి.

చాలామంది వదిలేసే పని ఇంకొకటి ఉంది: తలుపులు, బానెట్, డిక్కీ చుట్టూ ఉండే గీతలను లోతు చేయడం. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), రంగు, క్లియర్ (రంగు పైన వేసే పారదర్శక పూత) అన్నీ కలిపి 0.1 మిల్లీమీటరు మందం వచ్చినా, అసలు కారు లెక్కలో అది 2.4 మిల్లీమీటర్లు. గీతలు పూడిపోయి కారు ఒకే ముద్దలా కనిపిస్తుంది. గీతలు గీసే స్క్రైబర్‌తోగానీ బ్లేడు వెనక అంచుతోగానీ గీతలోనే మెల్లగా నాలుగైదు సార్లు లాగండి. గట్టిగా ఒక్కసారి లాగితే పనిముట్టు గీత దాటి తలుపు మీదికి జారుతుంది.

రంగు వేసేముందే బాడీని ఛాసిస్ మీద, అద్దాలను బాడీలో, బంపర్లను వాటి చోట్లలో పెట్టి చూడండి. ఇప్పుడు బిగుతుగా ఉన్నది రంగు మందం చేరాక అసలు పట్టదు.

ప్రైమర్ అవసరమా? ఏ రంగుది?

అవసరం. మొదటి కారణం పట్టు. రెండోది, అరగదీసినప్పుడు పడ్డ గీతలన్నీ ఒకే రంగు కింద బయటపడతాయి. మూడోది, ప్లాస్టిక్ రంగు పైకి ఊరకుండా ఆపడం. ఎర్ర ప్లాస్టిక్ మీద నేరుగా తెలుపు వేస్తే కొన్ని రోజులకు లేత గులాబీగా మారుతుంది.

సాధారణంగా బూడిద రంగు ప్రైమర్, మిస్టర్ సర్ఫేసర్ 1000 లేదా 1500, లేక టామియా ఫైన్ సర్ఫేస్ ప్రైమర్. పసుపు, తెలుపు, నారింజ వేయాలంటే తెల్ల ప్రైమర్. ఎరుపుకు గులాబీ ప్రైమర్ వేస్తే తక్కువ పొరల్లోనే నిండుదనం వస్తుంది. పసుపును బూడిద మీద వేసినవాళ్లు ఆరేడు పొరలు పోసినా ఆకుపచ్చ ఛాయ పోదు. పొరలు పెరిగేకొద్దీ గీతలు పూడటం ఎలాగూ ఉంటుంది.

ప్రైమర్ ఆరాక 1500 పేపర్‌ను నీళ్లలో తడిపి ఒకసారి నెమ్మదిగా తిప్పండి. పైకి లేచిన అంచుల మీద నొక్కకండి.

లాక్కర్, అక్రిలిక్, ఎనామిల్: ఏది దేని మీద వేయొచ్చు?

ఇవి మూడు రకాల రంగులు. బాడీకి లాక్కర్. త్వరగా ఆరుతుంది, గట్టిపడుతుంది, పాలిష్‌కు లొంగుతుంది. లోపలి సీట్లు, డ్యాష్‌బోర్డుకు బ్రష్‌తో అక్రిలిక్. గీతల్లో నింపే బాగా పల్చని రంగు, అంటే వాష్‌కు, చిన్న చిన్న వివరాలకు ఎనామిల్.

క్రమం గుర్తుంచుకోవాలి: లాక్కర్ మీద అక్రిలిక్, ఎనామిల్ రెండూ వేయవచ్చు. ఎనామిల్ మీద లాక్కర్ వేయకూడదు, కింది పొర ముడతలు పడి లేస్తుంది. దానికి మరమ్మతు లేదు, మొత్తం తీసేయడమే.

టామియా స్ప్రే డబ్బాలు కొనేటప్పుడు మీద అక్షరాలు చూడండి. టీఎస్ అని ఉన్నది మన కిట్లకు. పీఎస్ అని ఉన్నది రేడియో కంట్రోల్ కార్ల పాలీకార్బొనేట్ బాడీలకు, దాన్ని కిట్ ప్లాస్టిక్ మీద కొట్టకండి.

స్ప్రే డబ్బాతో మంచి పూత ఎలా వస్తుంది?

డబ్బాను 35 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పెట్టి, తుడిచి, రెండు నిమిషాలు బాగా ఊపండి. లోపలి ఒత్తిడి పెరిగి తుంపర సన్నబడుతుంది. పొయ్యి మీద, మరిగే నీళ్లలో ఎప్పుడూ పెట్టకండి, డబ్బా పేలుతుంది. మన మే నెలలో ఈ వెచ్చబెట్టే పనే అక్కర్లేదు.

బాడీని కర్రకో పాత సీసాకో లోపలి నుంచి టేపుతో బిగించండి. చేతిలో తిప్పడానికి వీలుండాలి. మొదటి పొర 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి, కింది ప్రైమర్ ఇంకా కనిపించేంత పల్చగా. పది పదిహేను నిమిషాల తర్వాత రెండోది కాస్త నిండుగా. మూడోది 15 సెంటీమీటర్ల నుంచి, తడి మెరుపు వచ్చేంత. స్ప్రే మొదలుపెట్టడం, ఆపడం రెండూ బాడీ అవతలే జరగాలి. బాడీ మీదే బొత్తాం నొక్కితే మొదటి ఉమ్ము చుక్క అక్కడే పడుతుంది. ముందు అంచులు, మూలలు, బంపర్ కింది భాగం, ఆ తర్వాత పక్కలు, చివర బానెట్, పైకప్పు.

1/24 బాడీకి 100 మిల్లీలీటర్ల డబ్బాలో సగం వరకు పోతుంది. విడిగా వచ్చే బంపర్లు, పక్క అద్దాల గూళ్లు కూడా అదే రోజు, అదే డబ్బాతో కొట్టండి.

తర్వాత బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట కింద పెట్టి వదిలేయండి. అరగంటలో చేతికి అంటదు, అది ఆరినట్టు కాదు. లోపలి ద్రావకం పోవడానికి వారం పడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన వస్తున్నంత కాలం అది ఇంకా మెత్తగా ఉన్నట్టే.

ఎయిర్‌బ్రష్ కొనాలా?

ఇది గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పనిముట్టు. రెండు మూడు కిట్లు చేసి, ఇక మానననిపిస్తే కొనండి. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, డబుల్ యాక్షన్ (బొత్తాం నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు), ట్యాంకు ఉన్న చిన్న కంప్రెసర్, తేమ పట్టే ఫిల్టర్. తీరప్రాంతంలో ఈ ఫిల్టర్ లేకుండా పని జరగదు, గొట్టంలో చేరిన నీటి చుక్క నేరుగా బానెట్ మీదికి వస్తుంది. లాక్కర్‌ను ఒక పాలు రంగుకు ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు లెవలింగ్ థిన్నర్ (రంగు సమంగా పరుచుకునేలా చేసేది) కలిపి, 15–20 పీఎస్‌ఐ ఒత్తిడితో, 8–10 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. కలిపిన రంగు కప్పు గోడ మీద పాలలా జారాలి.

మన దేశంలో దీనికి ఇంకో లాభం ఉంది. ఏరోసోల్ డబ్బాలు విమానంలో పంపరాదు కాబట్టి దూరం నుంచి తెప్పించడం కష్టం. అనుకున్న రంగు డబ్బా దొరకనప్పుడు సీసాల్లో ఉన్న రంగులు కలిపి మీరే తయారు చేసుకోవచ్చు.

వర్షాకాలంలో రంగు పాలలా తెల్లబడింది. ఎండాకాలంలో గరుకుగా వచ్చింది. ఎందుకు?

ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువ ఉంటే నీరు అక్కడ చేరి పూతలో చిక్కుకుంటుంది, అదే తెలుపు. మెరిసే క్లియర్ మీద, నలుపు మీద బాగా కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ, విజయవాడ వైపు జూలై నుంచి నవంబరు దాకా ఇది ఉండేదే. తేమను కొలిచే హైగ్రోమీటర్ ఒకటి గోడకు పెట్టుకుని, తేమ 65 శాతం దాటిన రోజు రంగు పని మానేయండి. ఆ రోజు అరగదీయండి, సీట్లకు రంగు వేయండి. తెల్లబడిన పూత మీద పొడి రోజున రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసేది) ఉన్న థిన్నర్‌ను పల్చగా తుంపరగా కొడితే, పొర మళ్లీ కొంచెం కరిగి తేమ బయటికి పోయి చాలాసార్లు సరవుతుంది.

వేసవిలో తిరగబడిన కథ. రంగు బాడీని చేరకముందే గాలిలో ఆరి పొడిలా పడుతుంది. తెల్లవారుజామున చేయండి, దూరం కాస్త తగ్గించండి, ఎయిర్‌బ్రష్ అయితే నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడండి.

రంగులో వచ్చే మిగతా తప్పులు, కారణాలు?

నారింజ తొక్కలా గుంటలు: దూరం ఎక్కువ, లేదా రంగు చిక్కన. పూర్తిగా ఆరాక 2000తో తడిపి రుద్ది మళ్లీ ఒక పొర వేయాలి.

కారిన చారలు: ఒకే చోట ఎక్కువసేపు కొట్టడం. తడిగా ఉండగా ముట్టుకోకండి. వారం ఆగి అరగదీయండి.

దుమ్ము: గది నేలను ముందే తడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ ఆపి, అరగంట ఆగి మొదలుపెట్టండి. పడిన రేణువును తడి రంగులోంచి ట్వీజర్‌తో తీయబోతే గుంట పెద్దదవుతుంది.

చేపకన్నులాంటి గుండ్రటి ఖాళీలు: నూనె లేదా సిలికాన్. కార్ డ్యాష్‌బోర్డు పాలిష్ కొట్టిన గదిలోనే మోడల్‌కు రంగు వేయడం దీనికి మామూలు కారణం.

టేపు కింద నుంచి పాకిన రంగు: టేపు అంచును గోటితో నొక్కి, ముందు కింది రంగునే పల్చగా ఒకసారి కొట్టి సందులు మూసేసి, ఆపై కొత్త రంగు వేయండి.

కార్ల టచ్-అప్ స్ప్రే, ఎన్‌సీ థిన్నర్ వాడొచ్చా?

వాడుతున్నవాళ్లున్నారు, మంచి ఫలితాలూ ఉన్నాయి. కానీ హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ లాక్కర్‌లో కలిపేది) పాలీస్టైరీన్‌ను కొరుకుతుంది. ఉత్త ప్లాస్టిక్ మీద పడితే సన్న పగుళ్లు, అరిగిన మెరుపు. హాబీ ప్రైమర్ రెండు పొరలు వేసి, రెండు రోజులు ఆరాక, మొదటి మూడు పొరలూ తడవకుండా పొడి తుంపరగా మాత్రమే కొట్టాలి. ముందు స్ప్రూ మీదో ప్లాస్టిక్ చెంచా మీదో పరీక్షించాలి. ఎన్‌సీ థిన్నర్‌కు సరైన చోటు ఎయిర్‌బ్రష్ కడగడం. అక్కడ దానికి సాటి లేదు.

ఇంకో ఇబ్బంది: అసలు కార్ల మెటాలిక్ రంగులో ఉండే సన్న లోహపు రేకులు 1/24లో మిణుగురుల్లా పెద్దగా కనిపిస్తాయి. మామూలు రంగులకు ఆ సమస్య లేదు.

మెటాలిక్ రంగు మచ్చలు మచ్చలుగా వస్తోంది?

రేకులు తడిలో కొట్టుకుపోయి గుమిగూడాయి. మెటాలిక్‌ను తడి పొరగా వేయకూడదు. పల్చని పొరలు నాలుగైదు, ఒకే దిశలో, ఒకే దూరం నుంచి. మెరుపు క్లియర్ కోటే ఇస్తుంది. మెటాలిక్ పొరను నేరుగా అరగదీయకండి, రేకులు తెగి నల్ల మరకలవుతాయి.

డీకాల్స్ ముడతలు లేకుండా ఎలా?

డీకాల్స్ అంటే నీళ్లలో తడిపి బాడీ మీదికి జార్చే పల్చని స్టిక్కర్లు. వాటిని నిగనిగలాడే ఉపరితలం మీదే వేయాలి. మాట్ (మెరుపు లేని) పూత మీద వేస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో పదిహేను సెకన్లు ముంచి, టిష్యూ మీద ఒక నిమిషం ఉంచండి. బాడీ మీద మైక్రో సెట్ (డీకాల్ పట్టుకునేలా చేసే ద్రవం) పూసి, డీకాల్‌ను కాగితం నుంచి జార్చి, ఇయర్‌బడ్‌తో మధ్య నుంచి అంచులకు నీళ్లు తోలండి. వంపుల మీద మైక్రో సాల్ (డీకాల్‌ను మెత్తబరిచే ద్రవం) పూస్తే డీకాల్ ముడుచుకుని భయపెడుతుంది. ముట్టుకోకండి, ఆరేకొద్దీ తనే చదునవుతుంది. మర్నాడు తడి ఇయర్‌బడ్‌తో జిగురు మరకలు తుడిచి, క్లియర్ వేసేముందు ఇంకొక రోజు ఆగండి.

క్లియర్ కోట్, పాలిష్?

డీకాల్స్ ఉంటే టీఎస్-13 వంటి లాక్కర్ క్లియర్‌ను మొదట రెండు మూడు పొడి తుంపరలుగా వేసి, అరగంట చొప్పున ఆరనిచ్చాకే తడి పొర. నేరుగా తడిగా పోస్తే డీకాల్ కరిగి నలుగుతుంది.

వారం, వీలైతే రెండు వారాలు ఆగి, 2000, 3000 పేపర్లతో సబ్బు నీళ్లు వేస్తూ గుంటలు పోయేదాకా రుద్దండి. అంచుల మీద పూత పల్చగా ఉంటుంది, రుద్దితే ప్రైమర్ బయటపడుతుంది, వాటి మీద ముందే సన్న టేపు వేయండి. తర్వాత టామియా కాంపౌండ్లు ఎరుపు మూత, నీలం మూత, తెలుపు మూత అదే వరసలో, ఒక్కోదానికి వేరే మెత్తటి గుడ్డతో. గుడ్డ కలిస్తే ముతక రేణువులు చివరి మెరుపును గీకేస్తాయి.

రెండు భాగాలు కలిపే 2కే క్లియర్ గాజులా వస్తుంది, నిజమే. అందులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు చాలా హాని. సరైన రక్షణ లేని ఇంట్లో దాన్ని స్ప్రే చేయవద్దని గట్టిగా చెబుతున్నాం.

క్రోమ్ పట్టీలు, లైట్లు?

కిటికీల చుట్టూ పట్టీలకు బేర్ మెటల్ ఫాయిల్ (అంటుకునే పల్చని లోహపు రేకు) అతికించి, కొత్త బ్లేడుతో కోయండి. మోలోటో లిక్విడ్ క్రోమ్ పెన్ను సులువు. అయితే వేలు తగిలినా, క్లియర్ పడినా అద్దం మెరుపు పోతుంది, కాబట్టి అది ఆఖరి పని. కిట్‌లో వచ్చిన క్రోమ్ నచ్చకపోతే సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్‌లో కాసేపు వేస్తే ఊడిపోతుంది. ఆ బ్లీచ్‌ను టాయిలెట్ క్లీనర్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

వెనక లైట్లకు లోపల వెండి రంగు, పైన టామియా ఎక్స్-27 క్లియర్ రెడ్. ఇండికేటర్లకు ఎక్స్-26 క్లియర్ ఆరెంజ్. తలుపు గీతల్లో ఎనామిల్ వాష్ నింపేటప్పుడు తెల్ల కారుకు బూడిద, ఎర్ర కారుకు ముదురు గోధుమ రంగు బాగుంటాయి. తెల్ల కారుకు నలుపు నింపితే పెన్సిల్‌తో గీసినట్టు ఉంటుంది.

టైర్లు, లోపలి భాగం?

టైరు నేల తాకే వలయాన్ని 400 పేపర్‌తో ఒకసారి తిప్పితే అచ్చు గీత, బొమ్మ మెరుపు రెండూ పోతాయి. పాత కిట్ల వినైల్ టైర్లలోని మెత్తబరిచే పదార్థం ఏళ్ల తరబడి తాకి ఉంటే ప్లాస్టిక్ చక్రాన్ని కరిగిస్తుంది. పెట్టె తెరవగానే టైర్లను వేరే సంచిలో పెట్టండి. సీట్లకు సగం మెరుపుండే సెమీ గ్లాస్, డ్యాష్‌బోర్డుకు మాట్ వేసి తేడా చూపండి. అన్నీ ఒకే నలుపైతే లోపల ఏముందో కంటికి ఆనదు.

రంగు పాడైంది. తీసేయొచ్చా?

తీయవచ్చు. గ్లవ్స్ వేసుకుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బాడీని ముంచి, మూత పెట్టి, కొన్ని గంటలకోసారి టూత్ బ్రష్‌తో రుద్దండి. ఒక్క రాత్రికి లొంగని పూతకు మరో రాత్రి పట్టవచ్చు. ముందు స్ప్రూ ముక్కతో పరీక్షించండి, కొన్ని ప్లాస్టిక్‌లు పెళుసెక్కుతాయి. ఎన్‌సీ థిన్నర్, పెట్రోలు, అసిటోన్ మాత్రం వద్దు, రంగుతో పాటు కారు కూడా పోతుంది.

ఇంట్లో స్ప్రే చేయడం ప్రమాదమా?

ఆవిర్లు మండుతాయి. వంటగదిలో, దీపం లేదా అగరుబత్తి వెలుగుతున్న గదిలో స్ప్రే చేయకండి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ద్రావకపు ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. దాన్ని పెట్టుకున్నా వాసన తెలుస్తోందంటే కార్ట్రిడ్జ్ అయిపోయినట్టు లేదా ముఖానికి సరిగా పట్టనట్టు. బాల్కనీలో చేసినా ఇదే నియమం. చిన్నపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే వాళ్లు ఉండే గదుల వైపు గాలి వెళ్లకుండా చూడండి.

పూర్తయిన కారును ఎక్కడ పెట్టాలి?

మూత ఉన్న అక్రిలిక్ పెట్టెలో, నేరుగా ఎండ పడని చోట. కిటికీ దగ్గర ఎర్ర రంగులు వెలుస్తాయి, తెల్ల డీకాల్స్ పసుపెక్కుతాయి. వేసవిలో మూసి ఉన్న అసలు కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే బాడీ వంకర తిరుగుతుంది. దుమ్ము పడితే గుడ్డతో తుడవకుండా, మెత్తటి మేకప్ బ్రష్‌తో పైకప్పు నుంచి కిందికి దులపండి. వైపర్లు, అద్దాల గూళ్లు ఉన్న చోట బ్రష్‌ను వాటి కాడల వైపు నుంచి కొసల వైపు లాగితే విరగవు.